మొదటి రోజే చెప్పాం కదా!

కోచ్ విషయంలో అభిమాని మాట మారుస్తాడన్నది కిట్టనివాళ్లు పుట్టించిన ప్రచారం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని ఏ రోజు కదిపినా తన మాట మారలేదనే చెబుతాడు. నవంబరులో "ఈయన దొరకడం మన అదృష్టం" అన్నవాడే ఫిబ్రవరిలో "పనికిరాడని మొదటి రోజే చెప్పాం కదా" అంటాడు. రెండుసార్లూ నిజాయితీగానే అంటాడు. దీన్ని చపలత్వం అనడం అన్యాయం. ఇదొక శాస్త్రం. 2013లో కోచ్ ఫెర్గుసన్ దిగిపోయిన దగ్గర్నుంచి యునైటెడ్ అభిమానులు ఈ శాస్త్రాన్ని ఆపకుండా సాధన చేస్తున్నారు. కొత్తగా చేరేవాళ్లకు పనికొస్తుందని ఆ పద్ధతులు కొన్ని ఇక్కడ చెబుతున్నాం.

అభిప్రాయం కోచ్ అడుగుపెట్టక ముందే సిద్ధంగా ఉండాలి. రూబెన్ అమోరిం విషయంలో సరుకు తేలిగ్గా దొరికింది. యునైటెడ్‌కు రావడం ఖాయమై, ఇంకా స్పోర్టింగ్ లిస్బన్‌లోనే ఉండగా, 2024 నవంబరు 5న ఆయన జట్టు యునైటెడ్‌కు ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీని 4-1తో చితక్కొట్టింది. పోర్చుగల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూడనివాళ్లు తెల్లారేసరికి ఆ లీగ్‌కు పండితులైపోయారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కొత్తల్లుడి జీతం గురించి ఊరంతా చెప్పేవాళ్లు ముందు జీతం చీటీ అడిగి చూస్తారా?

తర్వాత ఫార్మేషన్, అంటే మైదానంలో ఆటగాళ్ల అమరిక, నేర్చుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పది ఉస్మానియా బిస్కెట్లు చాలు, గోల్‌కీపర్‌గా చాయ్ కప్పు ఉండనే ఉంది. కప్పు ముందు మూడు బిస్కెట్లు, ఇవి సెంటర్‌బ్యాక్‌లు, వెనక కాపలా కాసే డిఫెండర్లు. వాటి ముందు నాలుగు: నడిమధ్య ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, చెరో అంచున ఒక వింగ్‌బ్యాక్. ఆ పైన రెండు, స్ట్రైకర్ వెనక ఉండి దాడికి సాయపడేవాళ్లు. అన్నిటికన్నా ముందు ఒంటి బిస్కెట్టు, గోల్ కొట్టాల్సిన స్ట్రైకర్. ఇదే అమోరిం తెచ్చిన 3-4-2-1.

గెలిచిన రోజు వివరణ ఇలా ఉండాలి: బంతి మన దగ్గర ఉన్నప్పుడు అంచు బిస్కెట్లు రెండూ పైకి వెళ్తాయి, ముందు వరస ఐదవుతుంది, అవతలి నలుగురు డిఫెండర్లకు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో తెలియదు. ఓడిన రోజు ఇలా: నడిమధ్య మనవాళ్లు ఇద్దరే, అవతలివాళ్లు ముగ్గురు, ఆ మూడోవాడు తొంభై నిమిషాలూ ఖాళీగానే ఉంటాడు. వాణ్ణి ఆపడానికి సెంటర్‌బ్యాక్ ముందుకొస్తే అతని వెనక గొయ్యి. రాకపోతే వాడు తీరిగ్గా తలెత్తి పాస్ వెతుక్కుంటాడు. వింగ్‌బ్యాక్‌లు కిందికి దిగిపోతే వెనక ఐదుగురు పోగై స్ట్రైకర్ ఒంటివాడవుతాడు. దిగకపోతే అంచులు రెండూ అవతలివాళ్ల సొంతం. రెండు వివరణలకూ బిస్కెట్లు అవే, వాటి వరసా అదే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: మ్యాచ్ అయ్యేలోపు ఎవరైనా ఒకటి నోట్లో వేసుకుంటే రెడ్ కార్డ్ కింద లెక్క.

ప్రతి గుణానికీ రెండు పేర్లు దగ్గర ఉంచుకోవాలి. 2024 డిసెంబరు 15న సిటీ మైదానంలో 88వ నిమిషం దాకా వెనకబడి 2-1తో గెలిచినప్పుడు అమోరిం పద్ధతి పేరు సిద్ధాంతం. అదే సీజన్ 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగిసేసరికి దాని పేరు మొండిపట్టు. వచ్చిన కొత్తలో ఉన్నదున్నట్టు మాట్లాడతాడని మెచ్చుకున్నారు. బ్రైటన్ చేతిలో ఓడాక, క్లబ్ చరిత్రలోనే అధ్వాన్నమైన జట్టు బహుశా మాదేనేమో అని ఆయన ఉన్నదున్నట్టే అంటే అది నోటిదూల అయింది. పోప్ చెప్పినా పద్ధతి మార్చనని 2025 సెప్టెంబరులో అన్నప్పుడు మార్చాలని గోల పెట్టారు. డిసెంబరులో న్యూకాసిల్ మీద నలుగురు డిఫెండర్లతో ఆడించి గెలిస్తే, ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదని పట్టుకున్నారు.

మాట మార్చడానికి నెలలు పడుతుందనుకోవడం పొరపాటు. 2025 ఏప్రిల్‌లో యూరప్ క్లబ్‌ల పోటీ యూరోపా లీగ్‌లో ఫ్రాన్స్ జట్టు లియోన్‌తో మ్యాచ్, సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. 2-0 ఆధిక్యం పోగొట్టుకుని, అవతల పదిమందే మిగిలినా, అదనపు సమయంలో 2-4తో వెనకబడ్డారు. అప్పటికి అమోరింను పీకేయాలనడంలో అందరిదీ ఒకే మాట. 114వ నిమిషంలో బ్రూనో పెనాల్టీ, 120లో మైనూ, 121లో మాగ్వైర్ గోల్స్, చివరికి 5-4. ఏడు నిమిషాల్లో అమోరిం దేవుడైపోయాడు. మన దగ్గర అప్పటికి తెల్లవారుజాము మూడు దాటింది. మర్నాడు గుడ్‌ఫ్రైడే సెలవు కావడంతో ఆఫీసులకు పెద్దగా నష్టం జరగలేదు. నెల తిరిగేసరికి బిల్బావోలో జరిగిన ఫైనల్లో, లీగ్‌లో 17వ స్థానంలో నిలిచిన టాటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడారు. దేవుణ్ణి మళ్లీ కిందికి దించారు.

ఓడ దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అన్న సామెతకు ఫుట్‌బాల్‌లో ఉదాహరణ కావాలంటే ఓలే గున్నార్ సోల్‌షేర్ ఉన్నాడు. 2018 డిసెంబరులో యునైటెడ్‌కు తాత్కాలిక కోచ్‌గా వచ్చి మొదటి మ్యాచ్‌లోనే కార్డిఫ్ మీద 5-1తో గెలిచాడు. 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచేసరికి, ఇంకా ఆలోచిస్తున్నారా, కాగితం తెచ్చి సంతకం పెట్టించండంటూ అభిమానులు యాజమాన్యం మీద పడ్డారు. 2019 మార్చి 28న సంతకం అయింది. మే నెలలో సీజన్ ఆఖరి మ్యాచ్‌కు మళ్లీ అదే కార్డిఫ్ వచ్చింది. లీగ్ నుంచి కిందికి పడిపోవడం అప్పటికే ఖాయమైన కార్డిఫ్, ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 2-0తో గెలిచి వెళ్లింది. ఎందుకంత తొందరపడ్డారని యాజమాన్యాన్ని నిలదీసిన గొంతుల్లో మార్చి నాటి గొంతులు తక్కువేమీ లేవు.

బ్యానర్ల దగ్గర మాత్రం చేయి జారకూడదు. 2013లో డేవిడ్ మోయెస్‌ను ఆరేళ్ల ఒప్పందం మీద తెచ్చినప్పుడు ఎంపికైనవాడు ఈయనే అంటూ స్టాండ్‌లో పెద్ద గుడ్డ వేలాడదీశారు. మరుసటి మార్చి నాటికి ఆ గుడ్డను ఎవరూ చింపకుండా సిబ్బంది కాపలా కాయాల్సి వచ్చింది. ఇక గుడ్డతో పనికాదని, మోయెస్ దిగిపోవాలనే రాతను విమానానికి కట్టి మైదానం మీద ఎగరేశారు. విమానం వచ్చిన రోజునే ఆస్టన్ విల్లా మీద యునైటెడ్ 4-1తో గెలిచింది. గెలిచినా మోయెస్ నెల రోజులు నిలవలేదు. ఈ అనుభవం చెప్పేదేమిటంటే, గుడ్డ మీద పేరు రాయొద్దు. పొగడ్త ఒక వైపు, తిట్టు రెండో వైపు రాసుకుంటే ఒకే గుడ్డ నలుగురైదుగురు కోచ్‌లకు వస్తుంది.

అత్త పోయిన ఆర్నెల్లకు కోడలి కంట్లో నీళ్లన్నట్టు, పాత కోచ్ మీద ప్రేమ కూడా వేళకు పుట్టుకొస్తుంది. 2017-18లో 81 పాయింట్లతో రెండో స్థానం తేవడం తన గొప్ప విజయాల్లో ఒకటని అప్పటి కోచ్ మొరీనియో చెప్పుకుంటే పడీపడీ నవ్వారు. 15వ స్థానం చూశాక అదే మాట చెమ్మగిల్లిన కళ్లతో చెప్పుకుంటున్నారు. వాన్ గాల్‌కు 2016లో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ గెలిచిన రెండు రోజులకే ఉద్వాసన చెప్పారు. టెన్ హాగ్‌కు 2024లో అదే కప్ గెలిచాక ఒప్పందం పొడిగించి అక్టోబరులో పంపేశారు. రెండుసార్లూ అభిమానులది ఒకటే తీర్పు: యాజమాన్యం చేసింది తప్పు.

ఇక మిగిలింది ఫెర్గుసన్ కార్డు. 1989 డిసెంబరులో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో సొంత మైదానంలో ఓడినప్పుడు, మూడేళ్లుగా సాకులే, ఇక సెలవు ఫెర్గీ అని దుప్పటి మీద రాసి ఎత్తారు. మరుసటి జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ గోల్, మేలో ఎఫ్ఏ కప్, ఆ పైన 13 లీగ్ టైటిళ్లు. అందుకని ఏ కొత్త కోచ్ ఓడినా "ఫెర్గుసన్‌కు టైమ్ ఇవ్వలేదా" అనొచ్చు. కానీ ఈ కార్డుకు గడువు ఉంది. 2025 ఆగస్టులో నాలుగో డివిజన్ జట్టు గ్రిమ్స్‌బీ పెనాల్టీల్లో 12-11తో గెలిచిన రాత్రే అమోరిం విషయంలో అది చెల్లకుండా పోయింది. 2026 జనవరిలో ఆయన వెళ్లిపోయాడు.

బిస్కెట్లు ఇంకో ప్లేటు చెప్పండి. ఈసారి కప్పు ముందు నాలుగు.