మహారాజశ్రీ వేస్ట్ ఆయిల్ గారి దివ్యసముఖానికి

నల్లగొండ,
ఆదివారం పొద్దున

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా బండి చైన్ సాకెట్ (చైనూ, దాన్ని తిప్పే పళ్ల చక్రాలూ) కాలం చేసి మూడు వారాలైంది. కార్యక్రమం మెకానిక్ షెడ్డులోనే జరిగింది, ఖర్చు 2,400 రూపాయలు. మూడేళ్లు దాన్ని పెంచి పోషించింది తమరే కాబట్టి, కబురు చెప్పడం మర్యాద అనిపించి ఈ ఉత్తరం.

మిమ్మల్ని ఎరగని బండి మా ఊళ్లో లేదు. గడియారం సెంటర్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని పోయినా, ఏ షెడ్డులోకి తొంగి చూసినా, మూలన పైభాగం కోసేసిన డబ్బాలో, కుచ్చు ఊడిన బ్రష్షును పక్కన పెట్టుకుని కొలువుదీరి ఉంటారు. సర్వీసింగుకు వచ్చిన బండికి కింద నట్టు విప్పగానే నల్లగా జారి దిగుతారు. పది నిమిషాలు కాకముందే బ్రష్షెక్కి అదే బండి చైన్ మీదికి వెళ్తారు. రిటైరైన సాయంత్రమే ఇంకో సెక్షన్‌లో డ్యూటీ ఎక్కే భాగ్యం పెద్ద ఆఫీసర్లకు తప్ప దక్కదు.

ఇంజన్ మిమ్మల్ని ఎందుకు వద్దందో ఎవరూ అడగరు. మసి, ఇనుప రజను, కాస్త పెట్రోలు, మంటలో పుట్టిన ఆమ్లాలు కడుపులో పెట్టుకుని, సత్తువ చచ్చి బయటికి వచ్చినవారు మీరు. ఇంజన్‌కు పనికిరానిది చైన్‌కు ఎట్లా పనికొస్తుందని ఒకసారి మెకానిక్‌ను అడిగాను. "ఏం గాదన్నా, అందరికి గిదే పోస్తం" అన్నాడు. ఇంక మాట్లాడలేదు. ఎందుకంటే మీకు బిల్లు లేదు. మీ గొప్పతనం జారుడులో లేదు స్వామీ, ఊరికే దొరకడంలో ఉంది.

నేను రోజూ మిర్యాలగూడ పోయి వస్తాను. అక్కడొక రైస్ మిల్లులో లెక్కలు రాసే పని, రానూపోనూ 80 కిలోమీటర్లు. నా బండికి చైన్ కవర్ సగమే. మిగతా సగం స్టైల్. మీరేమో ఒకచోట నిలబడే రకం కాదు, పల్చన ప్రాణం. బండి 60 అందుకోగానే ఎగిరి వెనక రిమ్ము మీద, నా ప్యాంటు ఎడమ కాలి మీద, పండగ పూట అయితే వెనక కూర్చున్న మా ఆవిడ చీర కుచ్చిళ్ల మీద వాలిపోతారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ పొద్దంతా కదలదని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోతారు. నా ఎడమ కాలి మీది మరక మూడేళ్లుగా కదల్లేదు. ఒక్కరూ రాలేదు.

"చైన్ సాగిపోయింది" అని మెకానిక్ తేల్చేశాక, పాత చైన్‌ను గోనెసంచిలో చుట్టుకుని మా మిల్లు ఫిట్టరుకు చూపించాను. వడ్లను పైకి మోసే ఎలివేటర్ల మధ్య ముప్పై ఏళ్లుగా బతుకుతున్న మనిషి. చైన్‌ను పక్కకు వంచి చూసి నవ్వాడు. "ఇనుము యాడ సాగుతది సార్? అరుగుతది."

తర్వాత ఒక లింకు విప్పి చూపించాడు. పైన తిరిగేది రోలర్. దాని లోపల బుష్షు. దాని లోపల పిన్ను. చైన్ సాకెట్ మీద మలుపు తిరిగిన ప్రతిసారీ పిన్ను ఆ బుష్షులో కాస్త తిరుగుతుంది; అరుగుదలంతా అక్కడే. నేను లెక్కల మనిషిని కాబట్టి వెంటనే కాగితం తీశాను. ఒక్కో లింకు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగినా, 110 లింకుల చైన్ 11 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. అప్పుడు లింకుల కొలత సాకెట్ పళ్లకు పొసగదు. పళ్లు కొడవలి మొనల్లా అరుగుతాయి. వాటి మీద కొత్త చైన్ ఒక్కటే వేస్తే దాన్నీ నమిలేస్తాయి. అందుకే సెట్టు మొత్తం మార్చడం, అందుకే 2,400.

"నూనె పోవాల్సింది గా సందులకు" అన్నాడు ఫిట్టరు. "మీరు పైన నల్లగ మెరిస్తే చాలనుకుంటిరి."

ఆ సందులోకి మీరు వెళ్లలేదని నేననను. పల్చటివారు, తప్పకుండా వెళ్లి ఉంటారు. ఒంటరిగా వెళ్లలేదు, అంతే. ఇంజన్‌లో రాలిన రజనును వెంటబెట్టుకుని వెళ్లారు. వైద్యుడు చేతిలో ఆకురాయితో వచ్చినట్టు.

మధ్యలో ఒకసారి మీ మీద అలిగి గ్రీజు దగ్గరికి పోయిన మాట నిజమే. అది మీలా ఎగరలేదు. కూర్చుంది. కూర్చుని, యాసంగి కోతల కాలంలో మిల్లుల చుట్టూ లేచే ఊక, దుబ్బ, ట్రాక్టర్లు రాల్చిన తాలు, అన్నిటినీ రమ్మని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంది. వారానికల్లా నా చైన్ నువ్వులద్దిన అరిసెలా తయారైంది. లోపలి పిన్నుకు మాత్రం గ్రీజు చుక్క అందలేదు. దానికన్నా మీరే నయమని తిరిగి మీ శరణు జొచ్చాను. తాగుబోతు మొగుణ్ని వదిలి పేకాట మొగుణ్ని కట్టుకున్నట్టయింది నా బతుకు.

మా తమ్ముడేమో డబ్ల్యూడీ-40 డబ్బా పట్టుకొచ్చాడు. 1953లో అమెరికాలో, నీళ్లను తరిమి తుప్పు ఆపే మందు కోసం చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది ఫలించిందని దానికా పేరు. మొదట అట్లాస్ క్షిపణికి తుప్పు పట్టకుండా వాడారు. "క్షిపణికి పనికొచ్చింది నీ బండికి పనికిరాదా?" అన్నాడు. క్షిపణి ఒక్కసారే పోతుంది, తిరిగి రాదు. నేను రోజూ మిర్యాలగూడ పోయి రావాలి. మురికి మెత్తబరచడానికి, తడి తరమడానికి మంచిదే. చైన్ మీద రోజుల తరబడి నిలిచే సరుకు కాదు.

ఇంట్లో ఇంత చర్చ జరుగుతుంటే మా నాన్న ఊరుకుంటాడా? ఎడ్లబండి ఇరుసుకు తన తండ్రి ఆముదం పోసేవాడని, బండి కింద వెదురు గొట్టం వేలాడుతూ ఉండేదని గుర్తు చేశాడు. మేమంతా నవ్వాం గానీ, నవ్వాల్సిన మాట కాదు. ఇంగ్లండులో ఒక కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఇంజన్ ఆయిల్ తెచ్చి దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. క్యాస్టర్ అంటే ఆముదమే. మన పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండిన పంటకు అంత చరిత్ర ఉంది. కాకపోతే ఆముదం గాలి తగిలి నిలవుండగా బంకగా మారుతుంది. నాన్న సగం గెలిచాడు.

ఇక స్ప్రే డబ్బాలు. వాటి మీద నాకు కోపం లేదు. మైనం రకమైతే ద్రావకం ఆరిపోయి పైన పొర మిగులుతుంది, ప్యాంటు బతుకుతుంది. చైన్ శుభ్రంగా ఉండగా కొట్టి, ఆరేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపిక, ఆ డబ్బు ఉన్నవాళ్లు కొట్టుకోండి.

నాకు దారి చూపించింది ఎవరనుకున్నారు? సీటు కింద, ఆర్సీ జిరాక్సుతో పాటు కవరులో మగ్గుతున్న బండి పుస్తకం. కొన్ననాటి నుంచి తెరవలేదు. అందులో చిన్న అక్షరాల్లో ఉంది: 90 నంబరు గేర్ ఆయిల్. చిక్కనిది, మీ అంత తొందరగా ఎగరదు. కొంచెం కంపు కొడుతుంది, ఒప్పుకుంటాను. లీటరు డబ్బా కొన్నాను. వారానికి నాలుగు చెంచాలు కూడా పట్టదు కాబట్టి నా మనవల దాకా వస్తుంది.

ఈసారి లింకుల మధ్య రబ్బరు రింగులున్న చైన్ వేయించాను. పిన్ను దగ్గరి గ్రీజును ఫ్యాక్టరీలోనే పెట్టి ఆ రింగులతో మూసేస్తారు. పై నూనె రోలర్లకు, తుప్పుకు, రింగులు ఎండిపోకుండా ఉండటానికి. షెడ్డు పిల్లగాడు పెట్రోలు, ఇనుప తీగల బ్రష్షు పట్టుకుని ప్రేమగా రాబోయాడు. ఆ రెండూ రింగులకు యముడు, యమపాశం. కిరోసిన్ గుడ్డ చాలని పంపేశాను.

వారానికి దాదాపు 500 కిలోమీటర్లు తిరుగుతాను గనక శనివారం రాత్రి బండికి డబుల్ స్టాండ్ వేస్తాను, ఇంటికొచ్చిన వేడి మీదనే. ఇంజన్ ఆపి, గేరు తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, కింది వరస లోపలి వైపు చుక్కలు చుక్కలుగా వేస్తాను. తిరిగేటప్పుడు నూనె బయటికే పోతుంది, అందుకని లోపల వేయడం. (ఇంజన్ ఆన్ చేసి గేర్లో పెట్టి నూనె పోసే వీరులను చూశాను. వేళ్లు లెక్క పెట్టుకోవడం మంచిది.) పొద్దున లేచి బనియన్ గుడ్డతో పైదంతా తుడిచేస్తాను. మా ఆవిడ అడిగింది: "తుడిచేదానికి పోసుడెందుకు?" లోపలికి పోయింది చైన్‌ది, పైన మిగిలింది దుమ్ముది అని చెప్పాను. నమ్మలేదు గానీ, రెండు వారాలుగా చీర మీద చుక్క లేదు కాబట్టి ఊరుకుంది.

తమరికి వేరే ఉద్యోగాలు లేవా అంటే ఉన్నాయి. సెంట్రింగ్ షీట్లకు పూస్తున్నారు, కంచె గుంజలకు చెదలు పట్టకుండా రాస్తున్నారు. అసలైతే 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో మీ పేరు కూడా ఉంది. మిమ్మల్ని మళ్లీ శుద్ధి చేసే, అనుమతి ఉన్న చోటికి పంపాలి. మా వైపు మీ ప్రయాణం చైన్ దాకా, మిగిలింది మోరీ దాకా.

మొన్న శుక్రవారం ఇంజన్ ఆయిల్ మార్పించడానికి అదే షెడ్డుకు వెళ్లాను. మీరు నట్టు లోంచి దిగడం చూశాను. ఫోను వచ్చిందని ఒక్క క్షణం పక్కకు తిరిగేసరికి మెకానిక్ బ్రష్షు ముంచి చైన్ దగ్గరికి తెచ్చేశాడు. "వద్దు వద్దు" అంటూ చెయ్యి అడ్డం పెట్టాను. చైన్ బతికింది. తమరు నా తెల్ల చొక్కా చేతి మీద సంతకం పెట్టారు.

ఇట్లు,
తమ మాజీ ఖాతాదారు

తా.క. సంతకం మూడు ఉతుకులైనా పోలేదు. నిలబడే శక్తి ఇంత ఉన్నవారు చైన్ మీద ఎందుకు నిలబడలేదో తెలియజేయగలరు.