తొంభై డిగ్రీల చేతికర్ర

మనిషి నాలుగు కాళ్ల మీంచి రెండు కాళ్ల మీదికి లేవడానికి లక్షల ఏళ్లు పట్టిందంటారు. తిరిగి నాలుగు కాళ్ల మీదికి రావడానికి నాకు ఒక శనివారం సాయంత్రం, 3,600 రూపాయలు, ఒక నిపుణుడు చాలారు.

సంగతేమిటంటే, మా అమ్మాయి పరీక్ష పాసైతే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి. అమ్మాయి పాసైంది. ఆ మధ్యలో నా మోకాళ్లు ఫెయిలయ్యాయి. ఈ మాట అపార్ట్‌మెంట్ వాకింగ్ గ్రూపులో నోరుజారాను. "ట్రెకింగ్ పోల్స్ లేకుండానే?" అని నలుగురూ ఒక్క గొంతుతో అరిచారు. కొండలెక్కేవాళ్లు చేతికొకటి చొప్పున పట్టుకునే కర్రలవి. ఆ నలుగురిలో ఇద్దరు ఇంతవరకు కాళ్లతో ఎక్కిన అత్యున్నత శిఖరం మా బిల్డింగ్ టెర్రస్. అదీ లిఫ్టు చెడిపోయిన రోజున. అయినా, నిపుణుడికి అనుభవం కూడా ఉండాలని పట్టుబడితే మన టీవీ చర్చలకు మనుషులెక్కడ దొరుకుతారు?

రాత్రయ్యేసరికి గ్రూపు కార్బన్ పక్షం, అల్యూమినియం పక్షం అని రెండుగా చీలింది. కార్బన్ కర్ర తేలిక, చేతికి బరువే తెలియదు. కానీ రాళ్ల సందులో ఇరుక్కుని పక్కనుంచి గట్టి ఒత్తిడి పడిందా, టప్పున విరుగుతుంది. అల్యూమినియం కాస్త బరువు, కానీ విరిగేముందు వంగుతుంది. వంగిన కర్రతో ఎలాగోలా ఇల్లు చేరవచ్చు. నేను ఆలోచించకుండా అల్యూమినియంలో చేరిపోయాను. విరగడం కంటే వంగడం మేలన్నది మన రాజకీయాల్లో ఎప్పుడో తేలిన విషయం. విరిగినవాణ్ణి ఎవరూ తలచుకోరు, వంగినవాడు ఏదో ఒక కార్పొరేషన్ చైర్మన్‌గానైనా తేలతాడు. పాము చావకుండా కర్ర విరగకుండా అన్న సామెత కూడా కార్బన్ ఫైబర్ రాకముందు పుట్టింది కాబట్టి నెగ్గుకొచ్చింది.

ఇక షాపు. నిపుణుడికి ఇరవై మూడేళ్లుంటాయి. కర్రలు అడిగితే కర్రలు చూపించకుండా నన్ను చూశాడు, డాక్టరు నాలుక చూసినట్టు.

"ఏ పీక్ సార్?"

"ఒకటి కాదు బాబూ, ఏడుకొండలు."

అబ్బాయి నిటారుగా నిలబడ్డాడు. "సెవెన్ సమ్మిట్సా సార్!"

ఏడు ఖండాల్లోనూ ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కడాన్ని అలా అంటారట. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కి, 2022కల్లా ఆ ఏడూ పూర్తిచేసింది. నా పొట్ట వైపు చూసి కూడా ఆ అబ్బాయికి అలాంటి అనుమానం వచ్చిందంటే అది వాడి మంచితనం. తిరుమల అని చెప్పాక కొంచెం నిరాశపడ్డాడు గానీ వృత్తిధర్మం వదల్లేదు.

ముందు బూట్లు తొడిగించాడు. కర్ర పొడవు చూసేటప్పుడు, నడిచే రోజు వేసుకునే బూట్లే వేసుకుని చూడాలట. అట్ట కంటే మందమైన సోలు, వేసుకోగానే నా ఎత్తు మూడు సెంటీమీటర్లు పెరిగింది, ఆత్మవిశ్వాసం అంతకంటే ఎక్కువ పెరిగింది. తర్వాత కర్ర మొన నేలకు ఆనించి, పిడి పట్టుకుని, మోచెయ్యి సరిగ్గా తొంభై డిగ్రీలు వంచి నిలబడమన్నాడు. అద్దంలో చూసుకుంటే పెళ్లిలో కూల్‌డ్రింకుల ట్రే మోస్తున్న పెళ్లికూతురి బాబాయిలా ఉన్నాను. వాడు పక్కకు వెళ్లి ఒంటికన్ను మూసి నా మోచేతిని చూశాడు. "ఎనభై అయిదు," అన్నాడు. కర్రను ఒక గంటు సవరించాడు. "తొంభై మూడు." నలభై ఎనిమిదేళ్లుగా ఈ మోచేతులు నాతోనే ఉన్నాయి. వీటికి ఇంత లెక్క ఉందని మా వంశంలో ఎవరికీ తెలియదు. చివరికి కర్ర పొడవు 113 సెంటీమీటర్ల దగ్గర ఒప్పందం కుదిరింది.

అక్కడితో అయిపోలేదు. ఎక్కేటప్పుడు అయిదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతే పెంచాలి. "అసలు పోల్స్ విలువ దిగేటప్పుడే తెలుస్తుంది సార్," అంటూ ఇరవై నిమిషాలు దిగుడు మీద ఉపన్యసించాడు. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా అడుగడుగునా మోకాళ్ల మీదే పడుతుంది, అందులో కొంత భుజాలకు మళ్లించడమే ఈ కర్రల పని. నేను తలూపుతూ విన్నాను. ఆ ఇరవై నిమిషాల్లో నాకు తట్టవలసిన ఒక చిన్న విషయం తట్టలేదు.

తర్వాత పట్టీ. పిడికి వేలాడే పట్టీలోకి నేను పైనుంచి చెయ్యి దూర్చాను. షాపులో పక్కనున్న ఇద్దరు కొనుగోలుదారులు కూడా జాలిగా చూశారు. కింది నుంచి పైకి చెయ్యి పెట్టి, పట్టీతో కలిపి పిడిని పట్టుకోవాలట. అలా పట్టుకుంటే బరువు మణికట్టు దగ్గర పట్టీ మీద పడుతుంది, వేళ్లు బిగించనక్కర్లేదు. వ్యంగ్యం పక్కనపెట్టి చెప్తున్నాను, ఈ ఒక్క ముక్క మాత్రం నిజంగా పనిచేసింది. నిపుణుల మాటల్లో ఒకటి నిజమవడంలోనే వచ్చింది చిక్కంతా, మిగతా తొమ్మిదీ నమ్మక తప్పదు.

అలా నమ్మి కొన్నవాటిలో మంచులో దిగబడకుండా కర్ర చివర తగిలించే వెడల్పాటి చక్రాలు కూడా ఉన్నాయి. రేపు శేషాచలం మీద మంచు కురిస్తే ఇబ్బందిపడే భక్తుల్లో నేనుండను.

ఇంటికి తెచ్చి సోఫా పక్కన నిలబెడితే మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. "ఏవండీ, మీ తాతగారి కర్ర అటక మీదే ఉంది కదా?" అంది. ఉంది. మా తాత గొర్రెలు కాసినవాడు. వెదురు కొట్టుకొచ్చి, సెగ మీద కాచి వంపు తీసి, ఆముదం పట్టించి, చివర ఇనప పొన్ను వేయించుకున్న కర్ర. గట్టు మీద నిలబడి రెండు చేతులూ దానిమీద వేసి గడ్డం ఆనించుకోవడానికి సరిపోయేంత పొడవు, అదే ఆయన కొలత. నా కర్ర చివర ఉన్నది టంగ్‌స్టన్ కార్బైడ్ మొన అని మా ఆవిడకు గంభీరంగా చెప్పాను. "అదే, పొన్ను," అంది.

2023లో నడకదారిలో చిరుతలు దాడి చేశాక, ఒక చిన్నారి ప్రాణం పోయాక, టీటీడీ నడిచివెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చింది. ఆ సందర్భం నవ్వుకునేది కాదు. కానీ అప్పుడు కూడా వరసలో నిలబెట్టి ఎవరి మోచేతులూ కొలవలేదని, అది శాస్త్రీయంగా పెద్ద లోపమని మా గ్రూపులో కార్బన్ పక్షం నేటికీ వాదిస్తోంది.

సరే, ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారుజామున అలిపిరిలో పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతూ కిందికి చూసుకున్నాను. ఒట్టి కాళ్లు. చెప్పుల్లేకుండా ఎక్కుతానని కదా మొక్కుకున్నది! బూట్లతో కొలిచిన మోచెయ్యి ఇప్పుడు మూడు సెంటీమీటర్లు తప్పు. పక్కకు జరిగి, రెండు కర్రలకూ లాకులు తీసి, బూట్లకు మూడు, ఎక్కుడుకు అయిదు, మొత్తం ఎనిమిది తగ్గించి బిగించాను. ఒక లాకు వదులైంది, బరువు వేయగానే కర్ర దానంతటదే కుంగిపోయింది. దానికి చిన్న స్క్రూ తిప్పాలి, స్క్రూ తిప్పడానికి రూపాయి బిళ్ల కావాలి. నా జేబులో ఫోన్‌పే ఉంది.

ఈలోగా ఒక పెద్దావిడ నన్ను దాటింది. మెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టుపెట్టి, పైమెట్టు. మళ్లీ పసుపు, మళ్లీ బొట్టు. ఆ లెక్కన 3,550 సార్లు వంగి లేవాలి. నడుము తొంభై డిగ్రీల కంటే బాగా ఎక్కువే వంగుతోంది గానీ చూసి సరిదిద్దడానికి నిపుణులెవరూ లేరు. బొట్టు పెట్టడం ఆపకుండానే నావైపు చూసి, "ఏం నాయనా, కాలు విరిగిందా?" అంది. లేదన్నాను. "మరి రెండు కర్రలెందుకు?" అంది. ఒక్క కర్రయితే ఒళ్లు ఒకవైపే ఒరుగుతుందని వివరించబోయేసరికి నాలుగు మెట్లు పైకి వెళ్లిపోయింది. రూపాయి బిళ్ల మాత్రం ఆవిడ కొంగుముడి నుంచే వచ్చింది.

నున్నటి బండ మీద కార్బైడ్ మొన జారుతుంది, అందుకే రబ్బరు తొడుగు వేయాలి. వేశాను. గాలిగోపురం చేరేలోపు ఒక తొడుగు ఎక్కడో ఊడిపోయింది. అక్కణ్ణుంచి నా నడక టక్, డుబ్, టక్, డుబ్ అని రెండు స్వరాల్లో సాగింది. వెనక వచ్చే గోవింద నామాల బృందం కాసేపు దానికి తాళం కలిపింది.

మోకాళ్ల పర్వతం దగ్గర ఆగాను. రామానుజులవారు అక్కడ మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు. చుట్టూ అప్పటికే మోకాళ్ల మీద ఎక్కుతున్నవాళ్లు, పైకి చేరగానే కల్యాణకట్టకు పోయి గుండు చేయించుకునేవాళ్లు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపడే చోటు తెలుగుదేశంలో ఒక్కటుందంటే అది ఇదే. ఇక్కడ నా కర్రలు బాగా సాయపడ్డాయి, అబద్ధమాడను. తొంభై డిగ్రీల వల్లో, ఆవిడ రూపాయి వల్లో తెలియదు.

దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణానికి నిపుణుడి మాట ప్రకారం కర్రలు చెరో అయిదు సెంటీమీటర్లు పెంచి, లాకులు బిగించి, పట్టీల్లోకి కింది నుంచి చేతులు పెట్టి, తిరుపతి బస్సు ఎక్కాను.

ఎక్కడానికి మొక్కున్నవాళ్లలో ఎంతమంది నడిచి దిగుతారో ఆ షాపులో అడగలేదు, నేనూ చెప్పలేదు. బస్సు మలుపులు తిరుగుతుంటే నా రెండు కర్రలూ పెంచిన పొడవుతో సీట్ల మధ్య ఊగుతున్నాయి. కండక్టరు వచ్చి టిక్కెట్టు చించుతూ, "అవి రవ్వంత తగ్గించు సార్, ముందరాయన చెవిలో దూరేటట్టుండాయి," అన్నాడు. ఎంత తగ్గించాలో కూడా ఆయనే చెప్పాడు. సీటు కింద పట్టేంత.