గోలీలు ఒక్కసారిగా ఆపేస్తేనే అసలు ప్రమాదం

గుండె వేగాన్ని, బీపీని తగ్గించే బీటా బ్లాకర్ గోలీల మీద వచ్చిన వ్యాసం చదివాను. వాటి వల్ల వచ్చే నీరసం, చేతులు చల్లబడటం గురించి అందులో బాగానే రాశారు గానీ, గోలీలు హఠాత్తుగా మానేస్తే ఏమవుతుందో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మా పాలమూరులో అదే పెద్ద సమస్య. ముంబై, పుణె పనులకు పోయేవాళ్లు వెంట తీసుకెళ్లిన మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు అయిపోతే 'బీపీ నార్మలే ఉంది కదా' అని ఊరుకుంటారు. అప్పుడు ఇన్నాళ్లూ ఈ మందు అడ్డుకుంటూ వచ్చిన అడ్రినలిన్ (గుండెను వేగంగా కొట్టించే హార్మోన్) ప్రభావం ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నవాళ్లకైతే ఛాతీనొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. ఆపాల్సి వస్తే డాక్టర్ చెప్పినట్టు ఒకటి రెండు వారాలపాటు మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి అసలు రాయనేలేదు. ఇన్సులిన్ వేసుకున్నాక షుగర్ బాగా పడిపోతే గుండెదడ, వణుకు వచ్చి మనిషికి తెలిసిపోతుంది. ఈ గోలీలు ఆ రెండింటినీ కనబడనీయవు. చెమట మాత్రం పడుతుంది. కానీ మే నెలలో నల్లగొండ ఎండకు చెమట పట్టనిదెవరికి? అనుమానం వస్తే గ్లూకోమీటర్‌తో చూసుకోవడమే. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి, ముఖ్యంగా ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ రాస్తుంటే. పక్కింటాయనకు పనిచేసిందని అదే గోలీ మెడికల్ షాపులో అడిగి కొనే అలవాటు మనకు ఉండనే ఉంది.