మొహమాటం మాటల్లోనే

1970లో అమెరికాలో డిక్ కావెట్ నడిపిన టీవీ ఇంటర్వ్యూ షోకి వచ్చిన హాలీవుడ్ డాన్సర్, నటుడు ఫ్రెడ్ అస్టేర్ తన గురించి ఏమీ చెప్పకుండా తప్పించుకున్నారని మీ వ్యాసంలో రాశారు. నాకలా అనిపించలేదండీ. ఆయన తీరే అంత. పొగిడితే ఇబ్బంది పడేవారు, పాడమంటే మాత్రం హాయిగా పాడేసేవారు. అప్పటికి 71 ఏళ్లు!

ఆ మొహమాటం చూసి మెతక మనిషి అనుకోకండి. డాన్స్ దగ్గర మహా మొండి. తల నుంచి పాదం దాకా ఒళ్లంతా ఫ్రేములో కనబడాలి, వీలైనంతవరకు కట్ లేకుండా తీయాలి అని పట్టుబట్టేవారు. కట్ లేకపోతే తప్పు దాచుకోవడానికి చోటెక్కడ? అందుకే షూటింగుకి ముందు కొరియోగ్రాఫర్ హెర్మెస్ పాన్‌తో కలిసి వారాల తరబడి రిహార్సల్స్. 1951 నాటి 'రాయల్ వెడ్డింగ్'లో గోడల మీద, సీలింగ్ మీద ఆడారే, అక్కడ గదినే కెమెరాతో సహా గుండ్రంగా తిప్పారు. ఏ గోడ కిందికి వస్తే ఆయన దాని మీదికి అడుగు మార్చేవారు. తాళం తప్పకుండా! (ఇప్పటి పాటల్లో అసలు కాళ్లు కనిపిస్తే గొప్ప.)

ఒక్క ఫిర్యాదు. పది సినిమాల్లో జోడీగా చేసిన జింజర్ రోజర్స్‌కి మీ వ్యాసంలో ఒకే లైనా? ఆవిడ మీద విడిగా రాయండి.