నాలుక కింద చుక్కలు మంచివే, ఇన్‌హేలర్ జోలికి మాత్రం రావద్దు

"అలెర్జీకి ఇక సెలవు! నాలుక కింద రోజూ నాలుగు చుక్కలు, మూడు నెలల్లో శాశ్వత విముక్తి. సూది లేదు, దుష్ప్రభావాలు అసలే లేవు. దుమ్ము, పుప్పొడి, పిల్లి, బొద్దింక, వేరుశనగ, అన్నిటికీ ఒకే సీసా. ఇన్‌హేలర్లు, మాత్రలు నేడే ఆపేయండి. డాక్టర్లు ఈ రహస్యం మీకు చెప్పరు. పదిమందికి పంపండి."

చలి మొదలయ్యేసరికి ఈ సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. బంధువుల గ్రూపులో వస్తుంది, చదువుకున్ననాటి స్నేహితుల గ్రూపులో వస్తుంది, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ వస్తుంది. పంపేవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. నాకు పొద్దున లేవగానే తుమ్ములు పట్టుకుంటాయనీ, ఈ చుక్కలు, అంటే మనకు పడని పదార్థపు సారాన్ని కొలిచి నాలుక కింద వేసే మందు, నేనూ వాడుతున్నాననీ తెలిసినవాళ్లే. అందుకే ఇంతకాలం ఊరుకున్నాను. కానీ ఇందులో ఒక వాక్యం మనుషుల ప్రాణం తీయగలదు. అది చదివి కూడా ఊరుకోవడం నావల్ల కాదు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. సందేశం అడుగున "చుక్కలు దొరకకపోతే మీ ఊరి తేనె చెంచాడు చాలు" అని ఉంటుంది. చాలదు. తేనెటీగ మోసుకొచ్చేది పూలలోని బరువైన, జిగట పుప్పొడి. మన ముక్కును ఏడిపించేది ఎక్కువగా గాలిలో కొట్టుకొచ్చే గడ్డిజాతుల పుప్పొడి. ఒకవేళ అది తేనెలో పడినా, మీ చెంచాలో ఎంత ఉందో మీకు తెలియదు. ఇక "ఇది హోమియోపతి సూత్రమే, సూక్ష్మమైన మోతాదే పనిచేస్తుంది" అన్న మాట పూర్తిగా తలకిందులు. ఈ వైద్యంలో నాలుక కింద ఇచ్చే మొత్తం మోతాదు, అదే పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చే మోతాదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మోతాదు చాలకపోతే ఫలితమే ఉండదు. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని సూదితో ఎక్కించి ఈ వైద్యానికి దారి వేసినప్పటి నుంచీ తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న ఒకటే: ఎంత ఇవ్వాలి, ఎంతకాలం ఇవ్వాలి. కొలతే ప్రాణంగా ఉన్న వైద్యాన్ని కొలత లేని మాటలతో అమ్ముతున్నారు.

మూడు నెలల్లో శాశ్వత విముక్తి అట. ఈ వైద్యం పేరు ఇమ్యునోథెరపీ, అది చేసేది రోగనిరోధక వ్యవస్థ అలవాటును మార్చడం. మనకు పడని ఆ ప్రోటీన్‌ను నోటి లోపలి పొరలోని కణాలకు రోజూ పరిచయం చేస్తూ పోతే, దాన్ని శత్రువుగా చూసే ధోరణి మెల్లగా తగ్గుతుంది, ఆ ప్రతిచర్యను అడ్డుకునే ఐజీజీ4 అనే యాంటీబాడీలు (రక్తంలోని రక్షక ప్రోటీన్లు) పెరుగుతాయి. మూడో నెలకు కొంత ఉపశమనం కనిపించవచ్చు, నాకూ కనిపించింది. కానీ ఉపశమనం వేరు, అది నిలబడటం వేరు. 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో గడ్డి పుప్పొడి అలెర్జీ ఉన్న 106 మందిని పరిశీలించారు. రెండేళ్లు చికిత్స ఇచ్చి ఆపేశారు. మూడో ఏడాది చూస్తే నాలుక కింద మాత్ర వాడినవారికీ ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండేళ్లే చాలలేదు! మూడేళ్లు పూర్తిచేసినవారిలో మాత్రం, ఆపేశాక కూడా ప్రయోజనం మిగిలినట్లు అంతకుముందే వేరే ప్రయోగాలు చూపాయి. అందుకే డాక్టర్లు మూడేళ్లు, ఒక్కోసారి అయిదేళ్లు అంటారు. మూడు నెలలని నమ్మి మొదలుపెట్టినవాళ్లు నాలుగో నెలలో తుమ్ము రాగానే "ఇదంతా మోసం" అని సీసా పారేస్తారు. నిజంగా పనిచేసే వైద్యానికి ఈ సందేశం చేస్తున్న ద్రోహం అది.

ఒకే సీసాలో అన్నీ అన్న మాట కూడా అంతే. బూజు, బొద్దింక సారాల్లో ప్రోటీన్లను కొరికేసే ఎంజైములు ఉంటాయి. వాటిని పుప్పొడి సారంతో కలిపి ఉంచితే పుప్పొడి సారం బలం తగ్గిపోతుంది. వేరుశనగ అలెర్జీ అయితే పూర్తిగా వేరే వ్యవహారం, గింజ తిన్న కాసేపటికే ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని ఇంటి దుమ్ముతో ఒక గాట కట్టడం బాధ్యత లేనితనం.

ఆ సందేశంతో పాటు తరచూ ఒక ల్యాబ్ ప్రకటన కూడా వస్తుంది: ఒక్క రక్త నమూనాతో 200 అలెర్జీలు. అది ఆహారాల మీద ఐజీజీ అనే రకం యాంటీబాడీలను చూసే పరీక్ష అయితే, అలెర్జీని నిర్ధారించదు. మనం తరచు తినే పదార్థానికి ఐజీజీ ఉండటం మామూలే. ఆ జాబితా పట్టుకుని పాలు, గోధుమ, గుడ్డు, కందిపప్పు అన్నీ మానిపించి పిల్లల్ని ఎండగట్టిన ఇళ్లు నేను చూశాను. సరైన పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను. ముంజేతి లోపలి వైపు పెన్నుతో గుర్తులు పెడతారు. ఒక్కో గుర్తు పక్కన ఒక్కో సారం చుక్క వేసి, రక్తం రాకుండా చిన్న మొనతో చర్మాన్ని తాకిస్తారు. ఒక చుక్క ఉత్త సెలైన్, అది పొంగకూడదు. ఒకటి హిస్టమిన్, అంటే అలెర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే రసాయనం, అది తప్పక పొంగాలి. పావుగంట, ఇరవై నిమిషాల తరువాత స్కేలుతో కొలుస్తారు. సెలైన్ కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ పొంగితేనే పాజిటివ్. అంతకుముందు వారం రోజుల పాటు సెట్రిజిన్ లాంటి అలెర్జీ మాత్రలు ఆపమంటారు, లేకపోతే పరీక్ష తప్పు చూపుతుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన కూడా సరిపోదు, మీ బాధకూ దానికీ పొంతన కుదరాలి. వయ్యారిభామకు చెయ్యి పొంగినా, మీకు తుమ్ములు పక్క దులిపినప్పుడే వస్తుంటే అసలు దోషి పరుపులోని డస్ట్ మైట్ అనే కంటికి కనిపించని పురుగు కావచ్చు. ఈ పొంతన చూసేది డాక్టరు, యంత్రం కాదు.

"దుష్ప్రభావాలు అసలే లేవు" అని రాసినవారు చుక్క నోట్లో వేసుకుని ఎరగరు. మొదటి రోజుల్లో నాలుక కింద దురద, పెదవి వాపు, గొంతులో గరగర చాలామందికి ఉంటాయి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో అవే సర్దుకుంటాయి. ఇంజెక్షన్లతో పోలిస్తే ఇది ఎంతో సురక్షితమన్నది నిజం, అది ఒప్పుకుంటాను. కానీ ఎంతో సురక్షితం అంటే ప్రమాదమే లేదని కాదు. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గడ్డి, రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొళ్లకు నాలుక కింద మాత్రలను ఆమోదించినప్పుడు వాటిపై తీవ్ర అలెర్జీ ప్రతిచర్య గురించిన హెచ్చరికను పెట్టె గీసి మరీ పెట్టించింది. మొదటి మోతాదు డాక్టరు ఎదుటే వేసుకుని అరగంట కూర్చోవాలని చెప్పింది. ద్రవ రూపంలోని చుక్కలకు అక్కడ ఆ ఆమోదం కూడా లేదు. ప్రామాణిక కొలతలతో తయారైన మాత్రల మీద వచ్చిన ఫలితాలను మార్కెట్లో దొరికే ప్రతి చుక్కల సీసాకూ అంటగట్టలేం. నోట్లో పుండు ఉన్నా, పన్ను పీకించుకున్నా కొన్నాళ్లు ఆపాలి. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా మొదలుపెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆస్తమా అదుపులో లేనివారికి ఈ వైద్యం ఇవ్వనే కూడదు.

"ఇన్‌హేలర్లు నేడే ఆపేయండి" అన్న వాక్యాన్ని ఇప్పుడు మళ్లీ చదవండి. ఆస్తమా అదుపులో ఉంటేనే ఇవ్వదగిన మందు ఇది. దీన్ని మొదలుపెట్టడానికి, ఆస్తమాను అదుపులో ఉంచుతున్న మందును ఆపేయమంటున్నారు! ఇది రాసిన మనిషికి తాను దేని గురించి రాస్తున్నాడో తెలుసా?

మా బంధువుల పిల్లవాడొకడు, వాడి తల్లి నాకు చెల్లెలు వరస. "ఇన్‌హేలర్ అలవాటైపోతుందట కదా అన్నయ్యా, అందులో స్టెరాయిడ్ ఉంటుందట, చుక్కలు మొదలుపెట్టాం కదా అని తీసి బీరువాలో పెట్టాను" అని ఆమె నాకు చెప్పింది ఆసుపత్రి వరండాలో. ఆ రాత్రి వాళ్లింటికి వెళ్లేసరికి వాడు మంచం అంచున ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని కూర్చున్నాడు. ఊపిరి తీసిన ప్రతిసారీ మెడ కింద గుంట లోపలికి పోతోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. "నీళ్లు" అన్నాడు, ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, "కావాలి" అన్నాడు. రెండు మాటలు ఒక్క ఊపిరిలో అనలేకపోయాడు. ఆక్సిజన్, నెబులైజర్, సెలైన్ పెట్టాక తెల్లవారుతుండగా గుక్క తిప్పుకున్నాడు. ఆ తల్లి తప్పేమీ లేదు. ఆమె తనకు వచ్చిన సందేశాన్ని నమ్మింది, దాన్ని పంపినవారు ఆమె నమ్మదగిన మనుషులు.

పీల్చే స్టెరాయిడ్ అంటే భయం ఎందుకో నాకు తెలుసు, అందుకే లెక్క చెబుతాను. నివారణకు వాడే ఇన్‌హేలర్‌లో పిల్లలకు రోజుకు వందల మైక్రోగ్రాముల్లో, తరచుగా 200 దగ్గర మందు అందుతుంది, అదీ నేరుగా ఊపిరితిత్తులకే. ఇన్‌హేలర్ మానేసి ఊపిరాడక ఆసుపత్రిపాలైన పెద్దవాళ్లకు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 40 మిల్లీగ్రాములైతే, అది 40,000 మైక్రోగ్రాములు, ఒళ్లంతా తిరిగేది. రెండు మందుల బలం ఒకటి కాదు, అయినా స్టెరాయిడ్‌కు భయపడి ఏ స్టెరాయిడ్ చేతికి చిక్కుతున్నారో చూడండి. ఏళ్ల తరబడి పీల్చే స్టెరాయిడ్ వాడిన పిల్లల ఎత్తు చివరికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. అది దాచను. ఒక సెంటీమీటరు ఒక వైపు, ఊపిరి ఒక వైపు.

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర రోగుల వివరాలతో 2000లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఏడాదిలో పీల్చే స్టెరాయిడ్ డబ్బా ఒక్కొక్కటి అదనంగా వాడిన కొద్దీ ఆస్తమాతో చనిపోయే ముప్పు 21 శాతం చొప్పున తగ్గింది. వాడకం ఆపేసిన తరువాత మొదటి మూడు నెలల్లో, కొనసాగించినవారితో పోలిస్తే మరణాలు ఎక్కువగా ఉన్నాయి. విముక్తి దొరుకుతుందని ఈ సందేశం చెబుతున్నదీ ఆ మూడు నెలల్లోనే. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతమనీ, ఆస్తమా మరణాల్లో 40 శాతానికి పైగా మనవేననీ అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. నివారణ ఇన్‌హేలర్‌ను వాడవలసినంత వాడకపోవడం దీనికి పెద్ద కారణం. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప మందు కోసం బారులు తీరినవారి మీద నాకు కోపం లేదు, ఆశ మనిషిని అక్కడికి తీసుకెళుతుంది. కానీ అక్కడికి వెళ్లేవారైనా, చుక్కలు వేసుకునేవారైనా ఇన్‌హేలర్ జేబులో పెట్టుకునే వెళ్లాలి.

"డాక్టర్లు ఈ రహస్యం మీకు చెప్పరు" అన్నదాన్ని కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కొట్టిపారేయలేను. రహస్యమేమీ కాదు గానీ, చాలామంది డాక్టర్లు చెప్పరన్నది నిజమే. ఏళ్ల తరబడి సెట్రిజిన్, మాంటెలుకాస్ట్ రాసిచ్చి పంపించేస్తారు. ఆ మాత్రలు బాధను అణచగలవు, అలెర్జీ స్వభావాన్ని మార్చలేవు. దాన్ని మార్చగలిగేది ఇమ్యునోథెరపీయే. ఆ సంగతి రోగికి వాట్సాప్‌లో తెలియడం వైద్యులు ఆలోచించుకోవలసిన విషయం. ఈ వైద్యం గురించి తెలియడం ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. 2016 నవంబర్ 21 సాయంత్రం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుములతో గాలివాన వచ్చి, రైగ్రాస్ అనే గడ్డి పుప్పొడి రేణువులు పగిలి, వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. బాధితుల్లో భారత సంతతివారు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు. ఆసుపత్రికి వచ్చినవారిలో చాలామందికి అంతకుముందు గడ్డి పుప్పొడికి ముక్కు కారడమే తప్ప ఆస్తమా ఉందని తెలియదు. అంతకుముందే నాలుక కింద గడ్డి పుప్పొడి మాత్ర వాడినవారికి ఆ రోజు రక్షణ దొరికిందని అక్కడి వైద్యులు ఒక చిన్న అధ్యయనంలో చూపారు. అక్కడ ఉన్న మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి, అక్కడి డాక్టర్ను అడగమనండి.

చుక్కలు మొదలుపెట్టాలనుకునేవారు ఇమ్యునోథెరపీ చేసే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ సారం, ఎంత బలం, ఎన్నేళ్లు, ఏడాదికి ఎంత ఖర్చు అని అడగండి. మొదటి మోతాదు అక్కడే వేసుకోండి. సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి. ఇన్‌హేలర్ వాడుతున్నవారు దాన్ని వాడుతూనే ఉండండి. తగ్గించాలో, ఎప్పుడు తగ్గించాలో మీ ఊపిరిని పరీక్షించిన డాక్టరు చెబుతారు.