చూపున్నవారినీ ఆదుకుందాం

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా మొదలుకొని నేర్పని విద్య లేదు గాని, కంటిచూపు అనే అలవాటుకు బానిసలై, మానిటర్ ఆరిపోతే సొంత ఫైలు కూడా తెరుచుకోలేని అభాగ్యులకు, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నేర్పే సంస్థ ఒక్కటీ నా చెవిన పడలేదు. పుట్టు అంధుణ్ణి గనుక వారి బాధ నాకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు. అయినా సాటి మనుషులే కదా అని, మాదాపూర్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే నలుగురు యువకులకు నేనే పాఠం చెప్పడానికి పూనుకున్నాను.

2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే అంధుడు మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి ఖర్చు సాకు చెల్లదు. నేర్వవలసిందీ కొండంత కాదు: శీర్షికలకు హెచ్, లింకులకు కె, బటన్లకు బి, దాని నోరు మూయించడానికి కంట్రోల్. అయినా శిష్యులు మొదటి గంటంతా మౌస్ కోసం బల్ల తడుముతూనే ఉన్నారు. తెరను నల్లబరిచే స్క్రీన్ కర్టెన్ వేయగానే ఒకతను "సార్, సిస్టమ్ పోయింది" అన్నాడు. నేను రోజూ వినే వేగం విని మరొకతను ఇది ఏ భాష అని అడిగాడు. పోనీ అని కర్టెన్ తీస్తే, చెవి వినేలోపే కన్ను జవాబు దొంగిలిస్తున్నది. ఇలా చూసి రాయడాన్ని వారి వృత్తిలో టెస్టింగ్ అంటారట.

రెండో రోజు కర్టెన్ మళ్లీ దించి, వారు కట్టిన వెబ్‌సైటునే వారి ముందు పెట్టాను. బటన్లకు పేర్లు పెట్టలేదు గనుక "బటన్, బటన్, బటన్" అని స్క్రీన్ రీడర్ జపం చేస్తుంటే, ఏది నొక్కితే డబ్బు కట్టినట్టో, ఏది నొక్కితే రద్దయినట్టో తేలక, కట్టినవారే బిక్కచచ్చిపోయారు. బొమ్మలోని అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా దగ్గర పూర్తిగా ఆగిపోయినప్పుడు, మాకు ఎప్పుడూ దొరికే సలహానే కాస్త మార్చి, "పక్కన అంధులెవరైనా ఉంటే సాయం అడగండి" అని ఓదార్చాను. తర్వాత, కంటికి తెలుగు చూపించి లోపల ఇంగ్లీషు అక్షరాలే దాచుకునే అను ఫాంట్లలో కొట్టిన తెలుగు పత్రం తెరిస్తే పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు వినబడ్డాయి. ఇక బొమ్మే తప్ప అక్షరాలు లేని, స్కాన్ చేసిన పీడీఎఫ్ తెరిచేసరికి ఏమీ వినబడక, ఒకతను హెడ్‌ఫోన్ వైరు పీకి మళ్లీ గుచ్చాడు.

డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పిందని గుర్తుచేశాను. వారు ఎంతో వినయంగా విని, "తప్పకుండా సార్, వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం" అన్నారు. స్ప్రింట్ అంటే వారి పనిలో ఒక విడత. రాజ్యాంగానికి కూడా టికెట్ నంబరు వేసి వరుసలో నిలబెట్టగల క్రమశిక్షణ వారిది.

శిక్షణ ముగిసిన సాయంత్రం నలుగురూ కలిసి నాకు వాట్సాప్‌లో కృతజ్ఞతాపత్రం పంపారు. అందులో ఏం రాశారో తెలియదు. నా ఫోను "ఫోటో" అని ఒక్క మాట పలికి ఊరుకుంది.