గోడ మీద జిరాఫీ ఉందా? ఇంకేం, చేర్పించేయండి

మా బుజ్జిదానికి పది నెలలు నిండాయి, మా ఆవిడకి చట్టప్రకారం వచ్చే 26 వారాల లీవు ఎప్పుడో అయిపోయింది, అమ్మా అత్తయ్యా వంతులేసుకుని ఊళ్లనుంచి వచ్చి ఇన్నాళ్లు లాక్కొచ్చారు, ఇక తప్పదని హైదరాబాద్ కొండాపూర్‌లో డేకేర్ల వేటలో పడ్డాం. ఆరు చూశాం. ఆ అనుభవంతో నలుగురి మేలు కోరి చెప్తున్నా.

ముందు గోడ చూడాలి. జిరాఫీ ఉంటే మంచి డేకేర్, పక్కన రెయిన్‌బో కూడా ఉంటే ఫీజు ఇంకో మూడు వేలు ఎక్కువ. తర్వాత కరిక్యులమ్. పాకే పిల్లకి కరిక్యులమ్ ఏంటండీ అని మాత్రం అడక్కండి, నేను అడిగి పరువు తీసుకున్నా. "బ్రెయిన్ డెవలప్‌మెంట్ సర్" అన్నారు మేడం, ఆ టైమ్‌లో మా పిల్ల నా చెప్పు నాకుతోంది.

ఇక అస్సలు అడక్కూడనివి. డైపర్ ఎక్కడ మారుస్తారు, ఆ చోటికీ పాలు కలిపే గట్టుకీ ఎంత దూరం, మార్చినావిడ చేతులు కడుక్కోడానికి పక్కనే కుళాయీ సబ్బూ ఉన్నాయా... ఛీ, పెద్దమనుషులు అడిగేవా ఇవి? గేటు దగ్గర శానిటైజర్ చూపిస్తారు, చూసి మురిసిపోవాలి. వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ దానికి సరిగా లొంగదు, సబ్బూ నీళ్లే గతి అని తెలిసినా నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేదు. "సర్, మాది ఇంపోర్టెడ్" అన్నారు.

మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒక ట్రైనింగ్ అయిన మనిషి ఉండాలని కేంద్రం 2018 గైడ్‌లైన్స్‌లో ఉంది. (పదిమంది! మాకు ఒక్కత్తికే నలుగురం చాలట్లేదు.) ఒకచోట లెక్కపెడితే పద్నాలుగుమంది పిల్లలకి ఇద్దరు ఆయమ్మలు, అందులో ఒకావిడే వంట కూడా, అంటే అటు డైపరు ఇటు పప్పులో పోపు. కెమెరాలు మాత్రం ఎనిమిది. ఆఫీసులో కూర్చుని యాప్‌లో చూసేవాళ్లు బోలెడుమంది, ముడ్డి కడిగేవాళ్లు ఇద్దరు. అన్నట్టు ఆ ఎనిమిదిట్లో ఒక్కటీ సింకు వైపు లేదు.

జ్వరం ఉంటే పిల్లల్ని తీసుకోం అని బోర్డు ఉంటుంది, కంగారుపడకండి, పొద్దున ఎనిమిదింటికి పారాసెటమాల్ చుక్కలేసి దింపేస్తే మధ్యాహ్నం దాకా ఒళ్లు చల్లగానే ఉంటుంది, ఆలోపు మన మీటింగులు అయిపోతాయి. తప్పే, కానీ మన పిల్లకి వచ్చిన జ్వరం కూడా పక్కవాళ్లు ఇలా చుక్కలేసి పంపిన పిల్లాడి దగ్గర్నుంచి వచ్చిందే కదా.

చివరికి జిరాఫీ ఉన్నదాన్లోనే చేర్పించాం. నాలుగోరోజు వాట్సాప్‌లో, పిల్లల్లో ఒకరినుంచి ఒకరికి ఇట్టే అంటుకునే పొక్కుల జబ్బు గురించి మెసేజ్: "డియర్ పేరెంట్స్, ఇద్దరు పిల్లలకి హ్యాండ్ ఫుట్ మౌత్ వచ్చింది, డోంట్ ప్యానిక్. రేపు ఎల్లో డే, అందరూ ఎల్లో డ్రెస్‌లో పంపండి."

రాత్రి తొమ్మిదింటికి కొత్తగూడలో పసుపు గౌను కోసం మూడు షాపులు తిరిగాం.